కొండదారిలో కట్టుబాట్లు

తెలుగు రాష్ట్రాల్లో కాలినడకన చూడదగ్గ కొండలూ అడవులూ చాలామటుకు తూర్పు కనుమల్లోవే. ఒడిశా వైపు నుంచి వచ్చి అరకు, పాడేరు, పాపికొండల మీదుగా నల్లమల, ఎర్రమల, వెలికొండలు, శేషాచలం దాకా ఈ కనుమలు తెగుతూ కలుస్తూ సాగుతాయి. పడమటి కనుమల్లా ఒకే వరుసలో ఉండవు. గోదావరి, కృష్ణ, పెన్న నదులు వీటిని అక్కడక్కడ కోసుకుని సముద్రానికి పోతాయి. అల్లూరి సీతారామరాజు జిల్లాలో శిఖరాలు 1,600 మీటర్లు దాటితే, నల్లమలలో ఎత్తు వెయ్యి మీటర్ల లోపే ఆగిపోతుంది.

ఎత్తు తక్కువన్న మాటే కానీ ఇవి తేలికైన కొండలు కావు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండి గలగలలాడే ఆకురాల్చే అడవి, మిగిలిన కొద్ది నెలల్లో ఒక్కసారిగా కురిసి వాగులను పొంగించే వాన, ఈ రెంటి మధ్యే ఇక్కడి నేలా జంతువులూ మనుషులూ బతుకుతున్నారు. బయటినుంచి వచ్చిన మనిషి వల్ల అడవికి జరిగే చెరుపూ, అడవిలో ఆ మనిషికి ఎదురయ్యే ఆపదా తరచుగా ఒకే కారణం నుంచి పుడతాయి. ఆ చోటు సంగతి తెలియకపోవడమే ఆ కారణం. నిప్పు విషయంలో చూసినా, నీటి విషయంలో చూసినా, చెత్త విషయంలో చూసినా అడవిని కాపాడే అలవాటే నడిచేవాడినీ కాపాడుతుంది.

లంబసింగి చలి, వంజంగి మేఘాలు, గండికోట లోయ ఫోన్లలో తిరగడం మొదలయ్యాక వారాంతాల్లో కొండలకు బయలుదేరేవారు బాగా పెరిగారు. అది మంచిదే. అడవిని కళ్లారా చూసినవాడికే దాని మీద మమకారం కలుగుతుంది. అయితే అడవిలో ఎలా మసలుకోవాలో చెప్పేవాళ్లు మాత్రం అదే వేగంతో పెరగలేదు.

యాత్రల దారి

కొండల్లో నడక తెలుగువారికి కొత్తగా పట్టిన సరదా కాదు. శివరాత్రికి ఆత్మకూరు వైపు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం చేరే అడవిదారి తరతరాలుగా నడుస్తోంది. ఉగాదికి కన్నడ భక్తులు కూడా నల్లమల మీదుగా శ్రీశైలానికి నడిచి వస్తారు. తొలి ఏకాదశికి లొద్ది మల్లయ్య, చైత్ర పౌర్ణమికి నల్లమలలోని సలేశ్వరం, పుష్య మాసంలో శేషాచలంలోని రామకృష్ణ తీర్థం, ఫాల్గుణంలో తుంబురు తీర్థం, ఇలా ఒక్కో కొండకు ఒక్కో తిథి ఉంది. అహోబిలంలో ఉగ్రస్తంభం దాకా ఎక్కే దారి ఏ ట్రెక్కింగుకూ తీసిపోదు.

ఈ యాత్రల్లో గమనించదగ్గ సంగతి ఒకటుంది. సలేశ్వరం దారి ఏడాదిలో కొద్ది రోజులే తెరుచుకుంటుంది. మిగిలిన కాలమంతా ఆ లోయ జంతువులదీ, అక్కడి ఆదివాసులైన చెంచులదీ. శేషాచలంలోని తీర్థాలకూ అంతే, ఆ తీర్థపు ముక్కోటి నాడు జనం, ఆ తర్వాత నిశ్శబ్దం. అణిగిన గడ్డి మళ్లీ లేవడానికి, బెదిరిన జంతువు తిరిగి నీటి దగ్గరికి రావడానికి ఈ విరామం కావాలి. సలేశ్వరంలో పూజ చేసేది చెంచులే. ఏ రాయి మీద అడుగు వేయాలో, ఏ మలుపు దగ్గర జారుతుందో తెలిసినవారూ వారే. పాత యాత్రలు అడవిని నిలబెట్టుకోగలిగాయంటే కాలానికి హద్దు ఉండటం, దారి చూపేవారు అడవి మనుషులు కావడం ముఖ్య కారణాలు.

ఇప్పుడు ఆ యాత్రలకే జనం లక్షల్లో వస్తున్నారు. వారి వెంట నీళ్ల సీసాలు, గుట్కా ప్యాకెట్లు, థర్మాకోల్ పళ్లేలు కూడా వస్తున్నాయి. అన్నదానం చేసేవారు ఒకప్పుడు మోదుగాకు, అడ్డాకు విస్తళ్లలో వడ్డించేవారు. అవి వాన పడితే నేలలో కలిసిపోతాయి. అడ్డాకులు ఏరి కుట్టి అమ్మడం మన్యంలో ఎన్నో ఆదివాసీ కుటుంబాలకు నేటికీ ఆదాయమే. కొండకు వెళ్లేటప్పుడు నాలుగు విస్తళ్లు కొనుక్కుని వెళ్తే చెత్త తగ్గుతుంది, ఆ ఊళ్లో నాలుగు రూపాయలు మిగులుతాయి. ఇంత సులువైన పరిష్కారం ఇంటి ముంగిట ఉండగా ప్లాస్టిక్ పళ్లేలు మోసుకెళ్లడం బాధ కలిగించే విషయం.

అనుమతి, అదను

నల్లమలలో కృష్ణకు దక్షిణాన నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం, ఉత్తరాన తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉన్నాయి. రాష్ట్ర విభజనకు ముందు రెండూ ఒకటే. శేషాచలం 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా గుర్తింపు పొందింది. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఎర్రచందనం పెరిగే నేల ఇది. ఇలాంటి చోట్ల 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం, నిప్పు పెట్టడం, జంతువులను వేధించడం నేరాలు. శేషాచలంలో అనుమతి లేకుండా తిరిగేవారిని ఎర్రచందనం దొంగలుగా అనుమానించే అవకాశం కూడా ఉంది. మన్ననూరు, దోర్నాల వైపుల నుంచి శ్రీశైలం వెళ్లే అడవిరోడ్లను రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా మూసేస్తారు. రాత్రిపూట రోడ్డు దాటే జంతువులు బండ్ల కింద పడకుండా చేసిన ఏర్పాటు అది.

బయలుదేరే ముందు స్థానిక అటవీ రేంజ్ కార్యాలయంలో అడగడం మొదటి పని. ఏ దారి తెరిచి ఉంది, ఎక్కడ పులి తిరుగుతోంది, ఏ వాగు పొంగింది అన్నది అక్కడ తెలిసినంత ఇంటర్నెట్‌లో తెలియదు. నడకకు అనువైన కాలం కార్తీకం నుంచి మాఘం దాకా. వానాకాలంలో జారుడు, వాగుల పొంగు. ఎండాకాలంలో వడదెబ్బ, మంటలు. వేసవి పగటిపూట నల్లమల రాతినేల మీద నడిచేవారికి తలా మూడు నాలుగు లీటర్ల నీళ్లు చాలకపోవచ్చు. దారిలో దొరుకుతాయిలే అనుకున్న నీళ్లు అక్కడ ఉండవు. ఉన్నా అవి జంతువులకు మిగిలిన ఆఖరి నీళ్లు అయి ఉంటాయి.

నిప్పు

మాఘం వెళ్లేసరికి టేకు, నల్లమద్ది, తునికి ఆకులు రాలి అడవి నేలంతా పరుచుకుంటాయి. ఫిబ్రవరి నుంచి మే దాకా నిప్పు కాలం. మన దేశంలో అడవి మంటల్లో అత్యధిక భాగం మనుషుల వల్ల మొదలయ్యేవే. ఆర్పకుండా పారేసిన బీడీ, వంటకు పెట్టిన మూడు రాళ్ల పొయ్యి, తేనె కోసం వేసిన పొగ, కొత్త గడ్డి మొలవాలని పెట్టిన మంట, ఏదైనా చాలు. అటవీ సిబ్బంది ముందుగానే ఆకులు ఊడ్చి, కాల్చి ఫైర్ లైన్లు తీస్తారు. ఉపగ్రహాలు పసిగట్టిన మంటల సమాచారం ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి వారికి అందుతుంది. అయినా రోడ్డు లేని లోయలోకి మనిషి పచ్చికొమ్మ పట్టుకుని నడిచి వెళ్లి ఆర్పాల్సిందే.

ఈ మంట నేలబారున పాకుతుంది. పెద్ద చెట్లు బతికి వానకు చిగురిస్తాయి కాబట్టి నష్టం పెద్దగా లేదనిపిస్తుంది. కానీ ఆ ఏడాది మొలిచిన మొక్కలన్నీ పోతాయి. పరుగెత్తలేని నక్షత్ర తాబేళ్లు, నేల మీద గుడ్లు పెట్టే నెమళ్లు, అడవికోళ్లు, పూరేళ్లు నష్టపోతాయి. ఆకుల కప్పు కాలిపోయిన వాలు మీద తొలకరి చినుకులు నేరుగా పడి పైమట్టిని కోసుకుపోతాయి. ఏటా ఒకేచోట మంట వస్తే అక్కడ కొత్త చెట్టనేదే ఉండదు. చివరికి మిగిలేది గడ్డీ ముళ్లపొదలే.

నడిచేవారికి మంట ఎంత ప్రమాదమో 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో తెలిసింది. అటవీ శాఖ అనుమతి లేని దారిలో వెళ్లిన ట్రెక్కింగ్ బృందాలు ఎండుగడ్డి వాలు మీద మంటల్లో చిక్కుకున్నాయి. 23 మంది చనిపోయారు. ఆ ఏడాదే తమిళనాడు ట్రెక్కింగ్‌కు ప్రత్యేక నియమాలు తెచ్చింది. 2024లో శిక్షణ పొందిన స్థానిక గైడ్లతో, ఆన్‌లైన్ అనుమతులతో ప్రభుత్వమే ట్రెక్కింగ్ పథకం మొదలుపెట్టింది. రెండు తెలుగు రాష్ట్రాలూ అలాంటి ఏర్పాటును ఆలోచించవలసిన సమయం ఇది.

వాలు మీద మంట పైకి పాకే వేగం ఎక్కువ. వాలు పది డిగ్రీలు పెరిగితే వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది మంటలు ఆర్పేవారి అంచనా. కింది మంట వేడికి పై గడ్డి ముందే ఎండి, కాలడానికి సిద్ధంగా ఉంటుంది. అందువల్ల పొగ కనిపించగానే శిఖరం వైపు పరుగెత్తడం అన్నిటికన్నా తప్పు. మంటకు పక్కగా, వీలైతే కిందికి, బోడిరాయి ఉన్న చోటికో నీటి దగ్గరికో ఇదివరకే కాలి చల్లారిన నేల మీదికో చేరాలి. ఒంటి మీద నైలాన్, పాలిస్టర్ బట్టల కన్నా నూలు బట్టలు నయం. మంటకు నైలాన్, పాలిస్టర్ కరిగి చర్మానికి అంటుకుపోతాయి.

అమెరికాలో పుట్టి 1994లో సంస్థగా రూపం తీసుకున్న ‘లీవ్ నో ట్రేస్’ ఉద్యమం కొండల్లో తిరిగేవారికి ఏడు సూత్రాలు చెబుతుంది. ముందస్తు సన్నాహం, గట్టినేల మీద నడక, చెత్త తిరిగి తెచ్చుకోవడం, దొరికినవి అక్కడే వదిలేయడం, మంట విషయంలో జాగ్రత్త, జంతువుల పట్ల గౌరవం, తోటివారి పట్ల మర్యాద. అవన్నీ ఇక్కడా పనికొస్తాయి. మంట విషయంలో మాత్రం మన నియమం ఇంకా కఠినంగా ఉండాలి. ఆ సూత్రాలు మంట తగ్గించమంటాయి, ఇదివరకే ఉన్న పొయ్యిలో వేసుకోమంటాయి. ఎండాకులు పరిచిన నల్లమలలో, శేషాచలంలో అసలు మంటే వద్దు. లంబసింగి చలిలో నెగడు వేసుకోవాలనిపించడం సహజం. అది ఊళ్లో, బస దగ్గర, నీళ్ల బకెట్టు పక్కన పెట్టుకుని వేసుకునేది. కొండ మీద టెంటు ముందు వేసేది కాదు. అక్కడికి మందపాటి దుప్పటీ స్వెటరూ చాలు.

నీరు

2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లోని బియాస్ నదిలో ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. పైన లార్జి ఆనకట్ట నుంచి నీరు వదిలారు. 2024 ఏప్రిల్‌లో స్కాట్లండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర ఇద్దరు తెలుగు విద్యార్థులు నీట మునిగి చనిపోయారు. తిరుపతి జిల్లా ఉబ్బలమడుగు గుండాల్లో ప్రాణాలు పోగొట్టుకున్నవారూ తక్కువేమీ కాదు. మన పిల్లలు కొండల్లో పులులకు చిక్కడం లేదు, నీటికి చిక్కుతున్నారు. కొండ దారిలో ఏ ఒక్కటి నేర్పాలన్నా ముందు ఇదే నేర్పాలి.

వాగు పొంగు ఎగువన కురిసే వాన మీద ఆధారపడుతుంది. దిగువన ఎండ కాస్తూనే ఉండవచ్చు. 2023 జూలై 26న ములుగు జిల్లా వెంకటాపురం మండలంలోని ముత్యాలధార జలపాతం చూడబోయిన దాదాపు 80 మంది, తిరిగి వచ్చే దారిలో వాగు పొంగడంతో అడవిలో చిక్కుకుపోయారు. విపత్తు సహాయక బృందాలు రాత్రంతా శ్రమించి వారిని బయటికి తెచ్చాయి. మరునాటి ఉదయానికి అదే జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో సుమారు 65 సెంటీమీటర్ల వాన నమోదైంది. తెలంగాణలో ఒక రోజులో అంత వాన అంతకు ముందు నమోదు కాలేదు. వాతావరణ శాఖ హెచ్చరికలు ముందుగానే వచ్చాయి.

పొంగు వచ్చే ముందు వాగు కొన్ని గుర్తులు చూపుతుంది. తేట నీరు మట్టిరంగుకు మారుతుంది. ఆకులు, పుల్లలు, నురగ కొట్టుకొస్తాయి. పైనుంచి హోరు మొదలవుతుంది. వీటిలో ఏది కనిపించినా, వినిపించినా సామాను వదిలేసి గట్టెక్కాలి. మోకాలి లోతు నీరు కూడా వేగంగా పారితే మనిషిని పడగొడుతుంది. దాటిన వాగు సాయంత్రానికి దాటలేనిది కావచ్చు కాబట్టి, వానాకాలంలో వాగు అవతలి జలపాతానికి వెళ్లకపోవడమే మేలు. జలపాతం కింది గుండంలో నీరు సుడి తిరుగుతూ లోపలికి లాగుతుంది, ఈత వచ్చినవారినీ వదలదు. నాచు పట్టిన రాయి మీద బూట్లు కూడా నిలవవు. ఉరుములు వినపడితే గుట్ట దిగాలి, ఒంటిచెట్టు కింద నిలబడకూడదు. పిడుగుల సమాచారం ముందుగా తెలిపే ‘దామిని’ యాప్‌ను పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసింది. సిగ్నల్ ఉన్న చోట అది ఉపయోగపడుతుంది.

ఎండాకాలంలో నీటి కథ తిరగబడుతుంది. వాగు ఇసుకలో తోడిన చెలమలు, రాతి దోనెల్లో నిలిచిన నీళ్లు, అటవీ శాఖ నింపే సాసర్ పిట్లు (పళ్లెం ఆకారపు నీటి తొట్లు) తప్ప జంతువులకు వేరే దిక్కు లేదు. వాటి పక్కన టెంటు వేస్తే మనిషి వాసనకు జింక, దుప్పి, ఎలుగు రాత్రంతా దాహంతో దూరంగానే నిలబడతాయి. సబ్బు, షాంపూ, గిన్నెల ఎంగిలి ఆ నీటిలో కలిస్తే ఆ గుంట వానలు వచ్చేదాకా శుభ్రపడదు. స్నానమైనా గిన్నెలు కడగడమైనా నీటికి కనీసం 200 అడుగుల దూరాన, బకెట్టుతో తోడుకుని చేసుకోవాలి. కాలకృత్యాలకూ అదే దూరం. ఆరు నుంచి ఎనిమిది అంగుళాల గుంట తీసి మట్టి కప్పాలి. అంతకన్నా లోతైతే మట్టిలో సూక్ష్మజీవులు తక్కువగా ఉండి త్వరగా కుళ్లదు. శానిటరీ ప్యాడ్లు, తడి టిష్యూలు పాతిపెట్టకూడదు. అడవిపందులు తవ్వి తీస్తాయి. వాటిని మూతి కట్టిన సంచిలో తిరిగి తెచ్చుకోవాలి.

చెత్త వెంట చిరుత

ఉప్పు, నూనె అంటిన చిప్స్ ప్యాకెట్‌ను దుప్పి ఆహారమనుకుని మింగుతుంది. అది పేగుల్లో అడ్డుపడితే జంతువు ఆకలితో చస్తుంది. ఇంతగా కంటికి కనిపించని హాని మరొకటుంది. పారేసిన తిండికి కోతులు, కుక్కలు, అడవిపందులు అలవాటు పడి దారి పక్కకు చేరతాయి. వాటిని తినే చిరుత వాటి వెంటే వస్తుంది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడిలో ఆరేళ్ల పాప చనిపోయింది. ఆ తర్వాత తిరుమల తిరుపతి దేవస్థానం మధ్యాహ్నం దాటాక చిన్నపిల్లలను ఆ దారిలోకి అనుమతించలేదు. భక్తులను గుంపులుగా పంపింది, చేతికర్రలు ఇచ్చింది, దారిలో జంతువులకు తిండి పెట్టొద్దని ఆంక్ష పెట్టింది. శ్రీశైలం ఘాట్‌లో కారు ఆపి కోతికి అరటిపండు ఇవ్వడం పుణ్యమనుకునేవారు ఈ వరుసంతా ఒకసారి ఆలోచించాలి. ఆ కోతి పిల్ల తర్వాతి బండి కోసం రోడ్డు మధ్యకు వస్తుంది.

అరటి తొక్క, నారింజ తొక్క మట్టిలో కలిసేవే కదా అని పారేస్తుంటారు. ఎండునేల మీద అవి నెలల తరబడి ఉంటాయి, పైగా జంతువులను దారికి అలవాటు చేస్తాయి. కాబట్టి అవీ తిరిగి రావాల్సిందే. సంచిలో తెచ్చుకున్న చెత్తను కొండ కింది పల్లె డబ్బాలో వేయడం కూడా సరికాదు. ఆ ఊళ్లో చెత్త తీసే బండి ఉండకపోవచ్చు, వారంలో అదే గాలికి తిరిగి అడవికి చేరుతుంది. పట్నం దాకా తేవాలి. బూట్ల అడుగున, సాక్సులకు అంటిన గింజలు దులిపి బయలుదేరడం మరో మంచి అలవాటు. వయ్యారిభామ కలుపు ఇలాగే బళ్ల టైర్లకూ మనుషుల కాళ్లకూ అంటుకుని కొత్త నేలలు పట్టింది.

జంతువుల్లో పులి కన్నా ఎలుగుబంటితో జాగ్రత్త ఎక్కువ కావాలి. దానికి చూపు మందం, ఉలికిపాటు ఎక్కువ. ఇప్పపూలు రాలే కాలంలో తెల్లవారుజామునా మునిమాపునా చెట్ల కింద ఉంటుంది. మలుపుల దగ్గర మామూలు గొంతుతో మాట్లాడుకుంటూ నడిస్తే అదే పక్కకు తప్పుకుంటుంది. కొండచరియలకు వేలాడే పెద్ద తేనెపట్టుల కింద అత్తరు, పొగ, అరుపులు, రాళ్లు విసరడం ప్రాణాల మీదికి తెస్తాయి. పాము కరిస్తే కట్టు బిగించకూడదు, గాటు పెట్టకూడదు, నోటితో పీల్చకూడదు. కరిచిన కాలో చేయో కదలకుండా బద్ద కట్టి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి ఎంత త్వరగా చేరిస్తే అంత మేలు. మన్యంలో రాత్రి ఉండేవారు దోమతెర మరిచిపోకూడదు, మలేరియా ఇంకా అక్కడ ఉంది.

ముళ్లపొదలూ అడవే

పచ్చగా లేని చోటు పనికిరాని బీడు అన్న భావన ఒకటి నాటుకుపోయింది. కడప జిల్లా లంకమల అంచుల్లోని ముళ్లపొదల నేల చూడటానికి అలాగే ఉంటుంది. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిందనుకున్న కలివికోడి 1986లో ఆ పొదల మధ్యే దొరికింది. రాత్రిపూట తిరిగే ఈ పక్షి కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఇలాంటి చోట జీపు దారి తప్పించి పొదల మీదుగా నడపడం, టెంటు కోసం పొదలు నరకడం ఎంత చెరుపో చెప్పనక్కర్లేదు.

నంద్యాల, గిద్దలూరు మధ్య అడవుల్లో చెట్టు తొర్రల్లో బతికే నీలిరంగు సాలీడు కథా ఇలాంటిదే. 1899లో గుత్తి రైల్వే కలప నిల్వలో మొదట దొరికింది కాబట్టి గుత్తి టరాంటులా అన్నారు. మళ్లీ శాస్త్రజ్ఞుల కంట పడటానికి వందేళ్లు పట్టింది. అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల్లో ఇదొకటి, విదేశాల్లో పెంపుడు సాలీడుగా దీనికి గిరాకీ ఉంది. అరుదైన పక్షి గూడో సాలీడు తొర్రో కనిపించినప్పుడు ఫొటో తీసుకోవచ్చు. ఆ చోటు ఆనవాలు మాత్రం సామాజిక మాధ్యమాల్లో పెట్టకూడదు. దొంగలకు అదే దారి చూపుతుంది.

దారి విషయంలోనూ ఇదే ఓపిక కావాలి. మలుపులు తిరిగే కాలిబాటను కోసుకుంటూ నిటారుగా దిగే అడ్డదారి పది మంది తొక్కితే ఏర్పడుతుంది. తర్వాతి వానకు నీరు ఆ గీత వెంటే దిగి గాడి పడుతుంది. రెండు మూడు వానాకాలాల్లో అది మనిషి లోతు కోత అవుతుంది. బురదగా ఉన్నా బాట మధ్యలోనే నడవాలి, పక్కకు తప్పుకుంటే బాట వెడల్పవుతూ పోతుంది. హిమాలయాల్లో ఎత్తైన పచ్చికబయళ్లు ఇలా పాడవుతున్నాయనే ఉత్తరాఖండ్ హైకోర్టు 2018 ఆగస్టులో అక్కడ రాత్రి బసను నిషేధించింది.

రాతి మీద పేర్లు

జయశంకర్ భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గరి పాండవుల గుట్టలో ఆదిమానవులు వేసిన రంగు బొమ్మలున్నాయి. ఇసుకరాయి గుహల్లో ఎరుపు రంగుతో గీసిన జింకలు, మనుషులు వేల ఏళ్ల ఎండావానలను తట్టుకుని నిలిచాయి. అదే గుట్ట ఇప్పుడు రాళ్లెక్కేవారికీ ఇష్టమైన చోటు. ఇలాంటి బొమ్మలకు చేతి చెమట, నూనె హాని చేస్తాయి. ఫొటోలో రంగు బాగా తేలాలని నీళ్లు చల్లడం ఇంకా హాని, నీటితో పైకి తేలిన లవణాలు ఆరి బొమ్మ మీద తెల్లటి పొరలా పేరుకుంటాయి. పక్కనే బొగ్గుతోనో పెయింటుతోనో ప్రేమికుల పేర్లు రాసిపోయే అలవాటు మన గుట్టలన్నిటికీ పట్టిన చీడ. తుడవబోతే బొమ్మా పోతుంది, వదిలేస్తే మరొకరు దాని పక్కన రాస్తారు. బొర్రా గుహల్లో వేలాడే సున్నపురాతి ధారలను తాకితే చేతి జిడ్డుకు నీటి చుక్క ఖనిజం వదలక, అక్కడ రాయి పెరగడం ఆగిపోతుంది.

హైదరాబాద్ చుట్టుపక్కల బండల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఊరు దాటకుండానే కొండనడక నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. వాటి పగుళ్లలో ఉడుములు, బల్లులు, గుడ్లగూబలు కాపురముంటాయి. అక్కడ బీరు సీసా పగలగొట్టినవాడికి నల్లమలలో నడిచే అర్హత లేదు.

కొండ మీది ఊళ్లు

తూర్పు కనుమల్లో మనుషుల్లేని అడవి దాదాపు లేదు. నల్లమలలో చెంచులు, పాపికొండల్లో కొండరెడ్లు, పాడేరు మన్యంలో భగత, కోందు, పోర్జ, గదబలు తరతరాలుగా ఉన్నారు. వంజంగి ఎక్కేవారు తెల్లవారుజామున సిల్వర్ ఓక్ చెట్లనూ వాటికి పాకిన మిరియాల తీగలనూ దాటుకుంటూ వెళ్తారు. వాటి నీడన ఉన్న కాఫీ మొక్కలు ఆదివాసీ రైతులవి. మూడు గంటలకు పెద్ద పాటలు పెట్టుకుని పల్లె మధ్య నుంచి వెళ్లడం, పొలం గట్లు తొక్కడం, పండిన కాఫీ పళ్లు తెంపడం ఆ ఇంటివారికి చేసే అన్యాయం. గడప ముందు కూర్చున్న అవ్వనో ఆడుకుంటున్న పిల్లలనో అడగకుండా ఫొటో తీయడం కూడా అంతే. ‘అవ్వా, ఫొటో తీసుకోనా?’ అని అడిగితే చాలామంది కాదనరు. వద్దంటే అక్కడితో ఆపాలి. కొండదేవతల చోట్ల చెప్పులు ఎక్కడ విప్పాలో, ఎవరు లోపలికి వెళ్లకూడదో ఆ ఊరివారిని అడిగి నడుచుకోవాలి.

స్థానిక గైడ్‌ను వెంట పెట్టుకోవడం ఖర్చు కిందికి రాదు. గాలి వాసనతో జంతువు జాడ చెప్పగలిగేది వారే, ఎండాకాలంలో చెలమ ఎక్కడ తోడాలో తెలిసేదీ వారికే. నల్లమలలో ఎందరో చెంచులు అటవీ శాఖలో వాచర్లుగా పనిచేస్తూ పులుల అడుగుజాడలను నమోదు చేస్తున్నారు. మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితి సభ్యులే బసలు నడుపుతున్నారు. అడవి నిలిచి ఉంటేనే తమ ఇంట్లో పొయ్యి వెలుగుతుందని తెలిసినవారు గొడ్డలి పట్టరు, నిప్పు కనిపిస్తే మొదట పరుగెత్తేదీ వారే. పట్నం నుంచి అన్నీ కొనుక్కుని వచ్చి చెత్త మాత్రమే కొండ మీద వదిలి వెళ్లే యాత్రికుడి వల్ల ఆ ఊరికి దక్కేదేమీ లేదు. టీ, భోజనం, గైడు రుసుం, రెండు కిలోల కాఫీ గింజలో పసుపో తేనో అక్కడే కొనాలి. ధర దగ్గర గీచి గీచి బేరమాడకూడదు.

దిగి వచ్చాక కూడా ఒక పని మిగులుతుంది. వెళ్లేటప్పుడు పేర్లు నమోదు చేసిన అటవీ బీట్ కార్యాలయంలో అందరూ తిరిగి వచ్చినట్టు చెప్పాలి. లేకపోతే సిబ్బంది చీకట్లో వెతుకులాటకు బయలుదేరతారు. దారిలో పొగ కనిపించినా, వైరు ఉచ్చులు, అడవిపందుల కోసం పరిచిన కరెంటు తీగలు, నరికిన చందనం దుంగలు కనిపించినా వాటిని ముట్టుకోకుండా ఆ చోటు గుర్తుపెట్టుకుని ఆ కార్యాలయంలోనే తెలియజేయాలి.